అరక్కముందే ముసలిదైన టైరు

అండమాన్‌లోని వండూర్‌లో మా బావ ఎస్‌యూవీ ఆరేళ్లలో తిరిగింది 38 వేల కిలోమీటర్లే. తిరగడానికి చోటేదీ? ఇంటి నుంచి పోర్ట్ బ్లెయిర్‌కి పాతిక కిలోమీటర్ల పైచిలుకు, మళ్లీ వెనక్కి. 2024లో ఆ ఊరి పేరు శ్రీ విజయపురం అయింది గానీ మా అక్క నోట ఇంకా పాత పేరే. టైర్లలో గాడులు సగం మిగిలే ఉన్నాయి. "ఇంకో రెండేళ్లు లాగించేద్దాం" అన్నాడు బావ. నేను గొంతుకూర్చుని సెల్‌ఫోన్ లైటు వేసి చూశాను. గాడుల అడుగున, పక్కగోడల మీద సన్నటి పగుళ్లు. నిరుటి మామిడి తాండ్రని మడిస్తే వస్తాయే, అలాంటివి.

హైదరాబాద్‌లో టైరు అరిగి పోతుంది. అండమాన్‌లో వయసు మీదపడి పోతుంది. ఇక్కడ కొనేవాడు ముందు చూడాల్సింది ఎన్ని కిలోమీటర్లు వస్తుందని కాదు, ఎప్పుడు పుట్టిందని, తడి రోడ్డును ఎంత గట్టిగా పట్టుకుంటుందని.

తడి సంగతి వట్టి మాట కాదు. ఈ దీవుల్లో ఏటా కురిసే వాన సుమారు 3,000 మిల్లీమీటర్లు, హైదరాబాద్ వానకు మూడు రెట్ల పైనే. మే నెలలో పట్టుకుంటే ఏడాది చివరి దాకా వదలదు. పోర్ట్ బ్లెయిర్ వెళ్లే దారిలో సిప్పీఘాట్ వస్తుంది. 2004 డిసెంబర్ 26న భూకంపంతో దక్షిణ అండమాన్ నేల సుమారు ఒక మీటరు కుంగింది. నాడు వరి పండిన మళ్లలోకి సముద్రం వచ్చి కూర్చుంది, మళ్లీ వెనక్కి పోలేదు. రోడ్డు పక్కన నీళ్లలో నిలబడ్డ ఎండుమొద్దులు చూస్తూ వెళ్లే ఆ దారిలో వాన పడుతుంటే బ్రేకు మీద కాలు దానంతటదే తేలికవుతుంది.

గాడుల పని ఆ నీటిని పక్కకు తోసెయ్యడమే. కొత్త కారు టైరుకు గాడి లోతు ఏడెనిమిది మిల్లీమీటర్లు ఉంటుంది. చట్టం 1.6 మిల్లీమీటర్ల దాకా ఒప్పుకుంటుంది. గాడిలో అడ్డంగా ఉండే చిన్న రబ్బరు కట్ట టైరుతో సమానమైతే ఆ హద్దు వచ్చినట్టే. మన మెకానిక్‌లు గుండు టైరు అనేది దాన్నే. కానీ 3 మిల్లీమీటర్లకు దిగినప్పటి నుంచే వానలో పట్టు సడలుతుంది. వండూర్ లెక్కలో నేనైతే అక్కడే మార్చేస్తాను.

పోర్ట్ బ్లెయిర్‌లో ఒక టైర్ల దుకాణానికి వెళ్లాం. 2011 జనాభా లెక్కల్లో ఈ దీవుల్లో నూటికి పదమూడు మందికి తెలుగే మాతృభాష, కాబట్టి బేరం తెలుగులోనే సాగింది. కొట్టాయనది శ్రీకాకుళం యాస. "ఇంకేటి చూస్తారు బాబూ, కొత్త సరుకే" అన్నాడు. పక్కగోడ మీద కోలగా ఉన్న గడిలో నాలుగంకెలు: 1123. అంటే 2023లో పదకొండో వారం, మార్చి నెల. రెండున్నరేళ్లుగా గోదాములో ఈ ఉక్కలో మగ్గిన టైరు. పెద్దాయన నవ్వి, లోపలి నుంచి వేరేవి దొర్లించుకొచ్చాడు. ఈ ఏడాదివి. అడిగితేనే వస్తాయి.

బావ కన్ను మాత్రం పెద్దపెద్ద బటన్ల ఆల్-టెరైన్ టైర్ల మీద పడింది. బండికి మగసిరి వస్తుందట. రోజూ పోయేది తారు రోడ్డు, బురదల్లా ఇంటి ముందు సందులో ఇరవై గజాలు. ఆ టైర్లు మోత పెడతాయి, బరువెక్కువ, డీజిలు కాస్త ఎక్కువ తాగుతాయి. పైగా తడి తారు మీద చాలావాటికి మామూలు రోడ్డు టైరంత పట్టుండదు. అందం కోసం అక్కనీ పిల్లల్నీ పందెం కాయడమెందుకు?

పాత టైరు మీదున్న 215/60 R17 96H నే తీసుకున్నాం. 215 మిల్లీమీటర్ల వెడల్పు, అందులో 60 శాతం పక్కగోడ ఎత్తు, 17 అంగుళాల రిమ్ము. 96 అంటే ఒక్కో టైరు 710 కిలోలు మోస్తుంది. H అంటే గంటకు 210 కిలోమీటర్లు; ఈ దీవిలో నవ్వొచ్చే అంకె. బరువంకె మాత్రం తగ్గకూడదు, ఏడుగురు ఎక్కే బండి. లేబుల్ మీద నక్షత్రాలు ఇంధనం ఆదా గురించి చెప్పేవి. బ్రేకు గురించి కావు. ధర మాత్రం 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ 28 శాతం నుంచి 18కి దిగడంతో కాస్త ఊపిరి పీల్చుకునేలా ఉంది.

ఒకవేళ రెండే కొనగలిగితే కొత్తవి వెనక వేయించాలి. బావ నమ్మలేదు, చాలామంది నమ్మరు. ముందు టైర్లు జారితే బండి తిన్నగా పోతుంది, కాలు తీస్తే దారికొస్తుంది. వెనకవి జారితే బండే గిర్రున తిరిగిపోతుంది, మామూలు డ్రైవరు చేతికి చిక్కదు.

పాత టైర్లు ఊడదీశాక రిమ్ముల అంచున తెల్లటి పొడి. ఉప్పు గాలి పని. కుడి వెనక చక్రంలో వారానికోసారి గాలి ఎందుకు తగ్గేదో అప్పుడు అర్థమైంది. మేకు లేదు, పంక్చరు లేదు, తుప్పు తిన్న అంచు దగ్గర సన్నగా జారిపోయేది. కుర్రాడు వైరు బ్రష్షుతో గీకి, కొత్త టైరెక్కించి గాలి పట్టి, అంచు చుట్టూ సబ్బునీళ్లు పూశాడు. నలుగురం వంగి చూశాం. ఒక్క బుడగా లేదు.

స్టెప్నీ దించమన్నాను. నేల తాకనే లేదు, అచ్చులోంచి వచ్చిన రబ్బరు వెంట్రుకలు కూడా ఊడలేదు. అంకె చూస్తే 1419. ఆరేళ్లు దాటింది. అయిదేళ్లు దాటిన టైరును ఏటా చూపించుకోమని కంపెనీలే చెబుతాయి. వాడకపోయినంత మాత్రాన రబ్బరు వయసు ఆగదు. అదీ మార్చాం, బావ గొణుక్కుంటూనే డబ్బిచ్చాడు.

పాతవి అయిదూ డిక్కీలో వేసుకొచ్చాం. పెరట్లో పడేస్తే వాన నీళ్లు నిలిచి డెంగీ దోమలకు తొట్లవుతాయని అక్క గుమ్మంలోనే ఆపేసింది. మర్నాడు పొద్దున వండూర్ జెట్టీకి తీసుకెళ్లాం. మహాత్మా గాంధీ సముద్ర జాతీయ పార్కుకు, జాలీ బాయ్ దీవికి బోట్లు కదిలేది ఇక్కడి నుంచే. ఒక బోటు సరంగు మూడింటిని తట్టి చూసి తీసుకున్నాడు. వాటిలో స్టెప్నీ కూడా ఉంది. దానికి తాడు కట్టి బోటు పక్కన వేలాడదీశాడు. అల వచ్చినప్పుడల్లా బోటుకీ జెట్టీకీ మధ్య నలుగుతూ, వెంట్రుకలు ఊడకుండానే, అది మొదటిసారి పనిలో పడింది.