వై.యస్. కుటుంబ క్రైస్తవ విశ్వాసం - ఎన్నికల రాజకీయాలు

ఆంధ్ర ప్రదేశ్ ముఖ్యమంత్రులుగా పనిచేసిన వై.యస్.రాజశేఖరరెడ్డి (2004-2009), ఆయన కుమారుడు వై.యస్.జగన్మోహన్ రెడ్డి (2019-2024) క్రైస్తవులు. వారి మతవిశ్వాసం రాష్ట్ర రాజకీయాలలో, ఎన్నికల ప్రచారంలో పలుమార్లు వివాదాంశమైంది.

తిరుమల వివాదాలు

రాజశేఖరరెడ్డి హయాంలో తిరుమలలో అన్యమత ప్రచారం జరుగుతున్నదని ఆరోపణలు వచ్చాయి. పుణ్యక్షేత్రాలలో అటువంటి ప్రచారాన్ని నిషేధిస్తూ 2007లో ఆయన ప్రభుత్వం ఉత్తర్వులు జారీచేసింది.

శ్రీవారి దర్శనానికి వచ్చే హిందూయేతరులు స్వామిపై విశ్వాసమున్నదని డిక్లరేషను ఇవ్వాలన్నది నిబంధన. 2019 ఎన్నికలకు ముందు, పాదయాత్ర ముగించిన జగన్ కాలినడకన కొండెక్కి దర్శనం చేసుకున్నారు. 2020 బ్రహ్మోత్సవాలలో ముఖ్యమంత్రిగా పట్టువస్త్రాలు సమర్పించినపుడు డిక్లరేషను ఇవ్వాలని ప్రతిపక్షాలు కోరినా ఆయన ఇవ్వలేదు. 2024 సెప్టెంబరులో, లడ్డూ వివాద సమయంలో మరల అదే డిమాండు వచ్చింది. ఆయన తిరుమల పర్యటన రద్దు చేసుకొని, ఇంట్లో బైబిలు చదువుతానని, బయట అన్ని మతాలనూ గౌరవిస్తానని, తన మతం మానవత్వమని చెప్పారు.

చట్టం

ప్రజాప్రాతినిధ్య చట్టం (1951) 123(3) సెక్షను ప్రకారం మతం పేరిట ఓట్లడగటం అవినీతికర చర్య. అభ్యర్థి మతానికే కాక ఓటరు మతానికి కూడా ఇది వర్తిస్తుందని 2017లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

ఫలితాలు

175 స్థానాల శాసనసభలో జగన్ పార్టీ 2019లో 151, 2024లో 11 స్థానాలు గెలిచింది. రెండుసార్లూ ఆయన మతం ఓటర్లకు తెలిసినదే. కనుక ఈ ఫలితాలను మతంతో మాత్రమే వివరించటం సాధ్యం కాదు.