డాక్టరు భుజం మీద హోదా, జేబులో జీతం

అమెరికాలో మెడికల్ స్కూల్లో చేరిన పిల్లలున్న తెలుగు ఇళ్లలో ఈమధ్య ఒక ప్రశ్న తరచుగా వినిపిస్తోంది. "మా అమ్మాయి ఎం.డి.కి ముందే పీహెచ్‌డీ చేసింది. సైన్యంలో డాక్టరుగా చేరితే పెద్ద ర్యాంకు ఇస్తారా? జీతం ఎక్కువ వస్తుందా?" ఫీజుల భారం చూసి సైనిక స్కాలర్‌షిప్ వైపు మొగ్గే కుటుంబాలకు ఇది చిన్న విషయం కాదు. సంతకం పెట్టాక తెలుసుకుని లాభం లేదు కాబట్టి కాస్త ఓపికగా చెప్పుకుందాం.

మామూలుగా డిగ్రీ పూర్తిచేసి సైన్యంలో అధికారిగా చేరే కుర్రవాడు సెకండ్ లెఫ్టినెంట్ అవుతాడు. డాక్టరు మాత్రం నేరుగా కెప్టెన్‌గా అడుగుపెడతాడు. నౌకాదళంలో ఆ స్థాయిని లెఫ్టినెంట్ అంటారు. అక్కడ కెప్టెన్ అంటే సైన్యంలో కల్నల్‌తో సమానం కాబట్టి పేర్లు చూసి పొరబడకూడదు. డాక్టరుకు ఈ వెసులుబాటు ఇచ్చేది అమెరికా చట్ట సంహిత పదో టైటిల్‌లోని 533వ సెక్షన్. 1980లో తెచ్చిన చట్టంతో వచ్చిన ఈ సెక్షన్ ప్రకారం, అధికారి కాకముందు చదువులో గడిపిన కొన్నేళ్లను సర్వీసు చేసినట్టే లెక్కగడతారు. దాన్ని కన్‌స్ట్రక్టివ్ సర్వీస్ క్రెడిట్ అంటారు. మెడికల్ స్కూలుకు నాలుగేళ్లు జమ అవుతాయి కాబట్టే కెప్టెన్ హోదా దక్కుతుంది. ఇంటర్న్‌షిప్‌కు ఒక ఏడాదికి మించకుండా, సైన్యానికి అవసరమైన స్పెషాలిటీలో ఆపై తీసుకున్న రెసిడెన్సీ శిక్షణకు ఏడాదికి ఏడాది చొప్పున కలుపుతారు. బయట ఏళ్ల తరబడి ప్రాక్టీసు చేసిన సర్జన్ మేజర్‌గానో, లెఫ్టినెంట్ కల్నల్‌గానో చేరగలిగేది ఇందువల్లే.

మరి పీహెచ్‌డీ సంగతి? చట్టం చూసేది ఎంత చదివారన్నది కాదు, చేరబోయే ఉద్యోగానికి ఆ చదువు తప్పనిసరా అన్నది. డాక్టరుగా నియమించడానికి ఎం.డి. తప్పనిసరి, రసాయన శాస్త్రంలో పీహెచ్‌డీ తప్పనిసరి కాదు. కాబట్టి దానికి క్రెడిట్ ఆశించకూడదు. ప్రజారోగ్యం వంటి ఆరోగ్య రంగపు పైచదువు అయితే, సైన్యం దాన్ని నేరుగా వాడుకునేట్టుంటే కొంత కలిపే వీలు చట్టంలో ఉంది. అదైనా దానంతట అది రాదు, ఆ దళం నిబంధనలు ఒప్పుకోవాలి. తప్పనిసరి చదువు విషయంలో కూడా లెక్క మీరు తీసుకున్న కాలాన్ని బట్టి ఉండదు. ఆ పట్టాకు ఎక్కువ విద్యాసంస్థల్లో ఎన్నేళ్లు పడుతుందో అన్నేళ్లే లెక్కిస్తారు. ఒకే ఏడాదిని రెండుసార్లు కలపరు. రెసిడెన్సీలో భాగంగానే ప్రజారోగ్యంలో మాస్టర్స్ పూర్తిచేసిన డాక్టరుకు ఆ కాలం ఒక్కసారే లెక్కకు వస్తుంది.

అసలు చిక్కు ఇక్కడి నుంచి మొదలవుతుంది. ఈ క్రెడిట్ దేనికి పనికొస్తుందో ఆ సెక్షనే విడమరిచి చెప్పింది: చేరేటప్పటి హోదాకు, ఆ హోదాలో సీనియారిటీకి, పదోన్నతి అర్హతకు. అంతవరకే. జీతానికి పనికిరాదు. అమెరికా సైన్యంలో మూల వేతనం ర్యాంకుతో పాటు నిజంగా చేసిన సర్వీసు ఏళ్ల మీద ఆధారపడుతుంది. ర్యాంకు పెరిగిన మేరకు జీతం పెరిగే మాట నిజమే, కానీ చదువు ఏళ్లు సర్వీసు ఏళ్ల గడిలో చేరవు. స్కాలర్‌షిప్ కింద చదివిన నాలుగేళ్లూ చేరవు. ఆ కాలంలో విద్యార్థి రిజర్వు దళంలో సెకండ్ లెఫ్టినెంట్‌గా నమోదై ఉన్నా సరే, జీతం లెక్కకు ఆ ఏళ్లు రావు.

ఒకే రోజున కెప్టెన్లుగా విధుల్లో చేరిన ముగ్గురు కొత్త డాక్టర్లను ఊహించుకోండి. ఒకరు డిగ్రీ కాగానే మెడిసిన్ చదివారు. రెండోవారు మధ్యలో ఆరేళ్లు వెచ్చించి రసాయన శాస్త్రంలో పీహెచ్‌డీ చేశారు. మూడోవారు మెడిసిన్‌కు ముందు సైన్యంలోనే ఐదేళ్లు మామూలు సిపాయి స్థాయిలో వైద్య సహాయకుడిగా పనిచేశారు. 2025 వేతన పట్టిక ప్రకారం మొదటి ఇద్దరి మూల వేతనం నెలకు సుమారు 5,330 డాలర్లు. మూడోవారిది సుమారు 7,110. పీహెచ్‌డీకి దక్కని తేడా సిపాయిగా చేసిన ఐదేళ్లకు దక్కింది. నెలకు దాదాపు 1,780 డాలర్లు, ఏడాదికి 21 వేలకు పైమాటే.

దీని మీద డాక్టరుకు అందే ప్రత్యేక చెల్లింపులు వేరే ఉన్నాయి. 1973లో నిర్బంధ సైనిక భర్తీ ఆగిపోయాక డాక్టర్లను రప్పించుకోవడం, నిలుపుకోవడం సైన్యానికి కష్టమైంది. దాన్ని ముందే ఊహించి 1972లో చేసిన చట్టమే ఈ స్కాలర్‌షిప్‌నూ, సైన్యం సొంత వైద్య విశ్వవిద్యాలయాన్నీ తెచ్చింది. ఇప్పుడు స్పెషాలిటీని బట్టి ప్రోత్సాహకం, బోర్డు సర్టిఫికేషన్‌కు అదనపు వేతనం, మరికొన్నేళ్లు ఉంటానని ఒప్పుకుంటే బోనస్ ఇస్తారు. సీనియర్ స్పెషలిస్టు ఆదాయంలో వీటికి గణనీయమైన వాటా ఉంటుంది. ప్రోత్సాహకం ఎంతన్నది మీరు సర్జనా, ఫ్యామిలీ డాక్టరా అన్నదాన్ని బట్టి మారుతుంది. పేరు వెనక ఉన్న రెండో పట్టా దాన్ని కదిలించదు.

మన దేశంలో పద్ధతి కొంత దగ్గర, కొంత దూరం. సైనిక వైద్య సేవల షార్ట్ సర్వీస్ కమిషన్‌లో ఎం.బి.బి.ఎస్.తో చేరినా, పీజీతో చేరినా మొదటి హోదా కెప్టెనే. విశాఖలోని నౌకాదళ ఆసుపత్రి ఐ.ఎన్.హెచ్.ఎస్. కల్యాణిలో సర్జన్ లెఫ్టినెంట్ అని పిలిపించుకునే డాక్టరుది కూడా అదే స్థాయి. ఏడో వేతన సంఘం పట్టికలో కెప్టెన్ మూల వేతనం 61,300 రూపాయల దగ్గర మొదలవుతుంది. సైనిక సేవా వేతనం 15,500, సొంత ప్రాక్టీసు చేయనందుకు మూల వేతనంలో 20 శాతం, వాటిపై డీఏ కలుస్తాయి. పీజీ ఉన్నవారికి చేరే వయసు పరిమితి 30కి బదులు 35. సీనియారిటీ తేదీని కొంత వెనక్కి జరిపే నిబంధన ఉంది. కేంద్ర ప్రభుత్వ పౌర ఆరోగ్య సేవల్లో మాత్రం స్పెషలిస్టు మామూలు వైద్యాధికారి కంటే ఒక మెట్టు పైన, పదకొండో లెవెల్‌లోనే మొదలవుతాడు. పీజీకి మొదటి రోజే విలువ కట్టడంలో మన పౌర సేవలు సైన్యం కంటే ముందున్నాయి.

నా అభిప్రాయం దాచను. యుద్ధరంగంలో గాయపడిన మనిషికి డాక్టరు చేయి కావాలి, పట్టాల జాబితా కాదు. కాబట్టి హోదాకు అవసరమైన చదువునే లెక్కించడం న్యాయం. కానీ రెసిడెన్సీ బయట పూర్తిచేసి వచ్చిన సర్జన్‌కు ఆ శిక్షణ ఏళ్లను ర్యాంకులో చూపించి, సర్వీసు ఏళ్ల లెక్కలో సున్నా దగ్గర నిలబెట్టడం న్యాయం కాదు. ఆ శిక్షణ ఫలాన్ని సైన్యం మొదటి రోజు నుంచే వాడుకుంటోంది. పరిశోధన చేయగల డాక్టర్ల విషయంలోనూ చూపు మారాలి. గాయాల మీద, అంటువ్యాధుల మీద సైనిక ప్రయోగశాలలు చేసే పనికి అలాంటివాళ్లే కావాలి.

అంతవరకు మీరు చేయాల్సిన పని ఒకటుంది. క్రెడిట్‌ను తేల్చేది మొదటి నియామకం సమయంలోనే. మార్కుల జాబితాలు, శిక్షణ ధ్రువపత్రాలు, పాత సర్వీసు కాగితాలు అప్పటికే సిద్ధంగా ఉంచుకోండి. భర్తీ అధికారి నోటిమాటతో సరిపెట్టుకోకుండా, ఏ చదువుకు ఎన్నేళ్లు కలిపారో, ఏ తేదీ నుంచి జీతం లెక్క మొదలవుతుందో రెండూ విడివిడిగా రాతపూర్వకంగా తీసుకుని, ఆ తర్వాతే సంతకం పెట్టండి.