వైరా, వైర్‌లెస్సా?

గిటారుకి వైరు పెట్టుకోవాలా, వైర్‌లెస్ కొనుక్కోవాలా అని మా గూడూరు పిల్లలు ఈ మధ్య తెగ వాదించుకుంటున్నారు. చవితి పందిళ్ళలో, చర్చి పండగల్లో, పెళ్ళి ఆర్కెస్ట్రాల్లో ఎలక్ట్రిక్ గిటారు ఇప్పుడు మామూలైపోయింది కదా. వైరు కాళ్ళకి అడ్డం పడుతోందని ఒకడు, అది తీసేస్తే సౌండే మారిపోతోందని ఇంకొకడు. "నువ్వు చెప్పు తాతా" అని నన్ను పట్టుకున్నారు. ఇద్దరి మాటా నిజమే. కాకపోతే రెండోవాడి మాటలో చాలా సైన్సుంది. పైగా ఆ సైన్సుకీ మన ఊరికీ పాత చుట్టరికముంది.

పాటలు మన గూడూరుకి కొత్తా? ఇక్కడ జరిగిన పాటల పోటీలోనే కుర్ర బాలసుబ్రహ్మణ్యం పాట విని, సినిమాల్లో ప్రయత్నించమని గాయని జానకమ్మ గారు వెన్ను తట్టారు. ఆ ముచ్చట బాలు గారే ఎన్నో సభల్లో చెప్పుకున్నారు. తర్వాత ఆయన నడిపిన బృందంలో గిటారు పట్టినవాళ్ళు ఇళయరాజా, గంగై అమరన్ సోదరులు.

సరే, అసలు సంగతికొద్దాం. ఎలక్ట్రిక్ గిటారులో తంతుల కింద చిన్న పట్టీ కనిపిస్తుంది చూడండి, అదే పికప్పు. దాని లోపల అయస్కాంతాలు, వాటి చుట్టూ వెంట్రుకంత సన్నని రాగితీగ వేల చుట్లు. ఉక్కు తంతిని మీటితే అది ఊగుతుంది. దానితోపాటు అయస్కాంత క్షేత్రం కూడా కదులుతుంది, చుట్టలో కరెంటు పుడుతుంది. 1831లో మైకేల్ ఫారడే కనిపెట్టిన సూత్రమిదే. దీనికి బ్యాటరీ అక్కర్లేదు, ప్లగ్గు అక్కర్లేదు. వచ్చే కరెంటు మాత్రం బహు బలహీనం. వోల్టులో పదో వంతు, గట్టిగా బాదితే ఓ వోల్టు. తంతి ఉక్కుది కాక నైలానుదైతే పికప్పు అసలు ఉలకదు, పలకదు.

మన తెలుగువాళ్ళకి ఈ పికప్పు మహిమ చూపించినవారు మాండలిన్ శ్రీనివాస్. 1969లో పాలకొల్లులో పుట్టి, 1978లో గుడివాడలో తొలి కచేరీ చేసిన పిల్లవాడు. మామూలు మాండలిన్ మీద నాదం మీటిన వెంటనే అణగిపోతుంది, గమకానికి చాలదు. ఆయన అయిదు తంతుల ఎలక్ట్రిక్ మాండలిన్ చేతపట్టి, ఆంప్లిఫయరు తోడు చేసుకుని, కర్ణాటక సంగీతాన్ని అందులో పలికించారు. ఆ వాయిద్యం నుంచి ఆంప్లిఫయరు దాకా నాదాన్ని మోసింది మీరు అడ్డమంటున్న వైరే.

ఇప్పుడు పాడైపోయిన గిటారు కేబుల్ ఒకటి తీసుకుని బ్లేడుతో కోసి చూడండి. ఇది ప్రతి పిల్లవాడూ ఒకసారి చేసి తీరాల్సిన పని. పైన రబ్బరు తొడుగు. దాని కింద సన్నని రాగి పోగుల అల్లిక, లేదా రాగి చుట్ట. బయట ట్యూబులైట్ల నుంచి, మోటార్ల నుంచి వచ్చే గుయ్ మనే రొదని అడ్డుకునేది ఈ కవచమే. దాని కింద మంచి కేబుల్లో నల్లటి పలచని పొర ఒకటుంటుంది. అది కరెంటు పారే ప్లాస్టిక్కు. కేబుల్ని తొక్కినా వంచినా రాపిడి వల్ల పుట్టే చిటపటలు వినపడకుండా చేస్తుంది. జాక్ అతికేటప్పుడు ఆ నల్ల పొరని కాస్త వెనక్కి ఒలిచెయ్యాలి సుమా, లేకపోతే నడిమి తీగకి తగిలి శబ్దాన్ని తినేస్తుంది. దాని లోపల తెల్లటి ప్లాస్టిక్కు, నట్టనడుమ నాదాన్ని మోసే రాగితీగ.

అంటే మధ్యలో రాగి, చుట్టూ రాగి, రెంటికీ నడుమ కరెంటు పారని పదార్థం. ఈ అమరిక ఎక్కడో చూసినట్టు లేదూ? కండెన్సరు! మన గూడూరు చుట్టరికం ఇక్కడే మొదలవుతుంది.

సైదాపురం, కలిచేడు వైపు అభ్రకం గనుల సంగతి మీ ఇళ్ళలో పెద్దవాళ్ళని అడగండి. గనిలోంచి తీసిన దిమ్మని కత్తిమొనతో పొరలు పొరలుగా విడదీసి, అద్దాల్లా మెరిసే రేకులుగా చేసేవాళ్ళు. ఆ రేకు వేడికి మాడదు, కరెంటుని పారనివ్వదు, ఎంత సన్నగా చీల్చినా గట్టిగా నిలుస్తుంది. అందుకే పాత రేడియోల్లో కండెన్సర్లకి అభ్రకాన్ని మించింది లేకపోయింది. రెండో ప్రపంచ యుద్ధంలో మిత్రరాజ్యాల సైన్యాల రేడియో సెట్లకి చాలావరకు మన దేశపు అభ్రకమే దిక్కయింది. వాల్వులతో నడిచే గిటారు ఆంప్లిఫయర్లలో కూడా ట్రెబుల్ నాబ్ వెనక సిల్వర్ మైకా కండెన్సరు కూర్చోవడం కద్దు.

లెక్క చూద్దాం. చదరపు సెంటీమీటరు అభ్రకం ముక్క, మందం మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు. రెండు వైపులా వెండి పూత వెయ్యండి. దాని కెపాసిటీ, అంటే విద్యుత్తుని నిలవ ఉంచుకునే శక్తి, రమారమి 100 పికోఫారడ్లు. మామూలు గిటారు కేబుల్ మీటరు పొడవుది ఎంతో తెలుసా? అదీ ఇంచుమించు 100 పికోఫారడ్లే. పది మీటర్ల కేబుల్ తగిలించారంటే, గోరంత అభ్రకం కండెన్సర్లు పది వరసగా మీ పికప్పుకి అడ్డంగా వేళ్ళాడదీసినట్టే లెక్క.

అలా వేళ్ళాడదీస్తే ఏమవుతుంది? పికప్పు చుట్ట ఒక ఇండక్టరు. ఇండక్టరూ కండెన్సరూ జతకడితే వాటికి నచ్చిన స్థాయి ఒకటి ఏర్పడుతుంది. అక్కడ నాదం కాస్త ఉబుకుతుంది, దాన్ని దాటిన పైస్థాయిలన్నీ జారిపోతాయి. పాత రేడియోలో స్టేషను పట్టే గుబ్బ వెనక జరిగేది ఇదే పని. పికప్పు ఇండక్టెన్సు 2.5 హెన్రీలు, దాని సొంత కెపాసిటీ 100 పికోఫారడ్లు అనుకోండి. మూడు మీటర్ల కేబుల్ తగిలిస్తే ఆ ఉబుకు సెకనుకి 5,000 కంపనాల దగ్గరుంటుంది. పది మీటర్లది తగిలిస్తే 3,000కి దిగిపోతుంది. కేబులే లేకుండా వైర్‌లెస్ ముక్కని గిటారులోకి గుచ్చితే 10,000 దాకా లేస్తుంది. మనిషి చెవి అన్నిటికన్నా చురుగ్గా వినేది 2,000 నుంచి 5,000 మధ్య. అందుకే ఆ తేడా మీ చెవికి అంత స్పష్టంగా తగులుతుంది. వైర్‌లెస్ పెడితే సౌండు పదునెక్కి కీచుగా అనిపించిందన్న కుర్రాడు భ్రమపడలేదు. అతను విన్నది ఫిజిక్సుని.

ఇందులో మంచీచెడూ అంటూ ఏమీ లేదు. గిటారిస్టు జిమి హెండ్రిక్స్ వాడింది చుట్టలు చుట్టలుగా సాగే పొడుగాటి కేబుల్. దానివల్ల పైస్థాయిలు తగ్గి నాదం మెత్తబడేది, ఆ మెత్తదనం ఆయన బాణీలో భాగమైపోయింది. ఇప్పటి వైర్‌లెస్ సెట్లు కొన్నిటిలో "కేబుల్ టోన్" అని మీట పెట్టి, లేని కేబుల్ కెపాసిటీని కావాలనే కలుపుతున్నారు. గమనించారా, వైరుని వదిలించుకున్నవాళ్ళు కూడా దాని నాదాన్ని వదులుకోలేకపోయారు.

మరి మైకు వైరు యాభై మీటర్లున్నా పాట చెడదేం అంటారేమో. మైకు లోపలి నిరోధం 150, 200 ఓములే. పికప్పుది వేల ఓములు. బలహీనమైన పికప్పుకే కేబుల్ బరువు. దీనికి చవకైన విరుగుడుంది. బఫర్ అనే చిన్న పెట్టెని గిటారుకి దగ్గరగా పెడితే, దాని తర్వాత కేబుల్ ఎంత పొడుగైనా నాదం దాదాపు చెక్కుచెదరదు. బ్యాటరీ వేసే ఎకూస్టిక్ గిటార్లలో ఆ పని చేసేది లోపలే ఉంటుంది.

ఇక రేడియో వైపు వద్దాం. ఇప్పుడు దొరికే చిన్న సెట్లు ఎక్కువగా 2.4 గిగాహెర్ట్జ్ మీద నడుస్తాయి, అంటే సెకనుకి 240 కోట్ల కంపనాలు. మన దేశంలో ఈ బ్యాండుకి లైసెన్సు అక్కర్లేదు. అదే దాని సుఖం, అదే దాని కష్టం. వైఫై, బ్లూటూత్, ఫోను హాట్‌స్పాట్ అన్నీ చేరేది అక్కడికే. సాయంత్రం ఖాళీ పందిట్లో టెస్టింగ్ చేస్తే అద్భుతంగా పలుకుతుంది. రాత్రి జనం నిండాక తెగి తెగి వస్తుంది. జనం జేబుల్లో ఫోన్లు ఒక కారణం, జనమే ఇంకో కారణం. మనిషి ఒంట్లో సగానికి పైగా నీరు, ఆ నీరు ఈ తరంగాలని పీల్చేస్తుంది. గిటారు పట్టుకున్నవాడి ఒళ్ళే అడ్డమైనా సిగ్నలు పోతుంది.

ఇంకో చిక్కు. ఈ తరంగం పొడవు పన్నెండున్నర సెంటీమీటర్లు. రేకుల షెడ్డుకో, స్పీకరు బాక్సుకో తగిలి తిరిగొచ్చిన అల నేరుగా వచ్చిన అలకి ఎదురుపడితే రెండూ ఒకదాన్నొకటి చంపుకుంటాయి. ఒక అడుగు పక్కకి జరిగితే మళ్ళీ బాగానే ఉంటుంది. అందుకే మంచి రిసీవర్లకి రెండు ఏంటెనాలుంటాయి. ఒకటి చచ్చిన చోట ఉంటే రెండోది అందుకుంటుంది. రిసీవరుని ఆంప్లిఫయరు వెనక నేల మీద పడెయ్యకుండా, వాయించేవాడికి ఎదురుగా, తల ఎత్తున పెడితే సగం బాధలు పోతాయి.

వైర్‌లెస్‌లో ఆలస్యముంటుందని కొందరు బెంగపెట్టుకుంటారు. డిజిటల్ సెట్టు నాదాన్ని అంకెలుగా మార్చి పంపడానికి నాలుగు మిల్లీసెకన్లు తీసుకుందనుకోండి. ఆ వ్యవధిలో శబ్దం గాలిలో నాలుగున్నర అడుగులు నడుస్తుంది. అంటే ఆంప్లిఫయరుకి మీరు నాలుగున్నర అడుగులు దూరం జరిగినంత తేడా. అది తాళాన్ని చెడగొట్టదు, దాని గురించి దిగులొద్దు.

దిగులు పడాల్సింది వేరే ఉంది. గిటారు తంతులు కేబుల్ కవచం గుండా ఆంప్లిఫయరు ఇనప పెట్టెకి కలిసి ఉంటాయి. ఎర్తు లేని కనెక్షను మీద ఆ పెట్టెలోకి కరెంటు లీకైతే, తంతులు కూడా కరెంటు తీగలే. అప్పుడు పెదవి మైకుకి తగిలిందంటే దారి దొరికినట్టే. 1972 మే నెలలో బ్రిటన్‌లోని స్వాన్సీలో లెస్ హార్వీ అనే గిటారిస్టు గిటారు పట్టుకుని ఎర్తు లేని మైకుని తాకి వేదిక మీదే ప్రాణాలు వదిలాడు. 1976 డిసెంబరులో ఫ్లోరిడాలో 'కిస్' బృందం గిటారిస్టు ఏస్ ఫ్రెలీ రెయిలింగు పట్టుకుని షాకు తిని పడిపోయాడు, అదృష్టం బాగుండి బతికాడు. ఆ తర్వాతే వాళ్ళు కెన్ షాఫర్ తయారుచేసిన వైర్‌లెస్‌కి మారారు. వైర్‌లెస్ పెడితే ఆంప్లిఫయరుకీ మీ చేతికీ మధ్య లోహపు దారే ఉండదు. స్తంభం నుంచి లాగిన కరెంటుతో, వానాకాలపు తడి నేల మీద నడిచే మన పందిళ్ళలో ఇది చిన్న లాభం కాదు. వైర్‌లెస్ మంచిదని నేను గట్టిగా చెప్పేది ఈ ఒక్క కారణానికే.

మరి తీర్పేమిటి? మనకి ఆగ్నేయాన రాకెట్లు ఎగరేసే శ్రీహరికోట ఉంది. ప్రయోగ వేదిక మీద నిలబడి ఉన్నంతసేపూ రాకెట్టుకి కేబుళ్ళు తగిలించే ఉంచుతారు. కరెంటు, కొలతలు, ఆదేశాలు వాటి గుండా వెళ్తాయి. పైకి లేచే క్షణంలో అవి ఊడిపోతాయి, అక్కణ్ణుంచి రేడియోదే భారం. రేడియో విద్యలో అంత ఆరితేరినవాళ్ళు కూడా, కదలనంతసేపూ వైరునే నమ్ముకుంటారు. మీరూ అలాగే చెయ్యండి. ఇంట్లో సాధనకీ, రికార్డింగుకీ, కూర్చుని వాయించే కచేరీకీ మూడు నాలుగు మీటర్ల మంచి కేబుల్ చాలు. స్టేజీ అంతా తిరుగుతూ వాయించేవాడు వైర్‌లెస్ కొనుక్కోవచ్చు, కానీ ఛార్జింగు అయిపోతే ఆదుకోవడానికి సంచిలో కేబుల్ ఉండాల్సిందే. మొదటిసారి కొనేవాడు మొదట కొనాల్సింది కేబులే.

కొన్నాక దాన్ని మోచేతికి చుట్టకండి, మెలికలు పడి లోపలి అల్లిక తెగుతుంది. గిటారు బెల్టు సందులోంచి దూర్చి జాక్‌కి పెట్టండి, ఎవరైనా తొక్కినా ఊడదు. కోట, వాకాడు వైపు సముద్రపు గాలిలో వాయించి వచ్చాక జాక్‌లని పొడిబట్టతో తుడవండి. చివరగా, మీ ఆంప్లిఫయరు ప్లగ్గుకి మూడు పిన్నులుంటాయి. సాకెట్టులో పట్టలేదని లావుపాటి ఎర్తు పిన్నుని విరిచెయ్యకండి. పందిరి ఎలక్ట్రీషియన్ని పిలిచి ఎర్తు చూపించమనండి, చూపించాకే గిటారు భుజాన వేసుకోండి.