ఎవరి బడి? ఎవరి సొమ్ము?

ప్రయివేటు యాజమాన్యం క్రింద నడిచే పాఠశాలలకు ప్రజాధనం ఇవ్వవచ్చునా, కూడదా అనే తగవు మన దేశంలో ఈనాటిది కాదు. 1854లో ఉడ్ దొర తాఖీదు గ్రాంటు పద్ధతికి బాట వేసిన నాటినుండి అది నలుగుతూనే ఉన్నది. ఒక వీధిలో సర్కారు బడి, మరొక వీధిలో ప్రయివేటు బడి ఉన్న పట్టణాలలో ఈ వాదం తేలికగా సాగుతుంది. అసలు బడే లేనిచోట ఈ ప్రశ్న ఏ రూపం ధరిస్తుందో తెలియవలెనంటే బస్తరు వైపు చూడాలి.

బస్తరు తెలుగువారికి పరాయి సీమ కాదు. ఓరుగల్లు పతనానంతరం కాకతీయ వంశీయుడైన అన్నమదేవుడు అక్కడ రాజ్యం నెలకొల్పినాడని ప్రతీతి. కుంట, భోపాలపట్నం ప్రాంతాలలో నేటికీ తెలుగు వినిపిస్తుంది. 1998 వరకు ఇదంతా ఒకే జిల్లా; విస్తీర్ణంలో కేరళ రాష్ట్రమంత. ఇప్పుడది ఏడు జిల్లాలు.

వినోబా భావే శిష్యుడు ధరంపాల్ సైనీ 1976లో బస్తరుకు వచ్చి, జగదల్‌పూర్ సమీపాన డిమరాపాల్‌లో గిరిజన బాలికల కోసం ఆశ్రమ పాఠశాల ప్రారంభించినారు. వినోబా ఆయన చేతిలో అయిదు రూపాయలు పెట్టి, పదేళ్లకు తక్కువ కాకుండా అక్కడే ఉండవలెనని షరతు విధించినారని చెబుతారు. ఆయన నాలుగు దశాబ్దాలకు పైగా ఉండిపోయినారు. వినోబా తల్లి పేరిట వెలసిన ఆ మాతా రుక్మిణీదేవి సేవాసంస్థానం క్రమంగా ముప్పయికి పైగా బడులకు విస్తరించినది. 1992లో ఆయనకు పద్మశ్రీ లభించినది. 1985లో రామకృష్ణ మిషన్ నారాయణపూర్‌లో ఆశ్రమం నెలకొల్పి, అబూజ్‌మాడ్ అడవుల పిల్లలకు విద్య, వసతి కల్పించసాగినది.

అయిదు రూపాయలతో బడులు నడవవు. ఇటువంటి సంస్థల వెనుక ప్రధానంగా ఉన్నది ప్రభుత్వ ధనమే. గిరిజన సంక్షేమానికి కృషి చేసే స్వచ్ఛంద సంస్థలకు కేంద్రం 1950ల నుండి గ్రాంటు ఇస్తూ వస్తున్నది. సామాన్యంగా ఖర్చులో నూటికి 90 వంతులు ప్రభుత్వానిది, 10 వంతులు సంస్థది. షెడ్యూల్డు ప్రాంతాలలో మొత్తం భారం ప్రభుత్వమే భరించవచ్చును. అయితే గ్రాంటు వాయిదాలలో వస్తుంది. వెనుకటి సొమ్ముకు లెక్క ఒప్పజెప్పనిదే ముందటిది రాదు. అది సబబే. కాని వసతి గృహంలో వంట ఫైలు కదిలేవరకు ఆగదు గదా!

ఇంత ఇచ్చేటప్పుడు ప్రభుత్వమే ఎందుకు నడపరాదని అడిగేవారున్నారు. ప్రశ్న న్యాయమైనదే. బస్తరులో ప్రభుత్వం బడులు కట్టకపోలేదు. 2005 తరువాత సల్వాజుడుం, మావోయిస్టుల పోరులో లోపలి గ్రామాల బడులు ఎన్నో కూలినవి, మూతపడినవి. కొన్నింటిలో భద్రతా దళాలు బస చేసినవి. బడులను ఖాళీ చేయవలెనని 2011లో సుప్రీంకోర్టు ఆదేశించవలసి వచ్చినది. ప్రభుత్వం వెదురు గుడిసెలలో ‘పోటా క్యాబిన్’ వసతి బడులు తెరిచినది. అటువంటి కాలంలో ఉభయపక్షాలకూ నమ్మకస్తులైన మనుషుల విలువ వేరు. 2021 ఏప్రిల్‌లో మావోయిస్టుల చెరలోని సి.ఆర్.పి.ఎఫ్. జవానును విడిపించడానికి మధ్యవర్తిగా అడవిలోకి వెళ్లినవారిలో వయోవృద్ధుడైన సైనీ ఉన్నారు.

రెండవ ఆక్షేపణ మతానికి సంబంధించినది. ఇది మరింత చిక్కైనది. పూర్తిగా రాజ్యధనంతో నడిచే సంస్థలో మతబోధ కూడదని రాజ్యాంగం 28వ అధికరణం నిషేధిస్తున్నది. పాక్షికంగా సాయం పొందే బడిలోనైతే, మైనరు పిల్లలను సంరక్షకుని అంగీకారం లేనిదే మతబోధకు కూర్చోబెట్టరాదు. వేలిముద్ర వేసే తండ్రి అంగీకారాన్ని ఎంతవరకు అంగీకారంగా పరిగణించాలి? తన ఊరి దేవరలు, తన గోండి పలుకు వేరుగా ఉన్న బిడ్డ విషయంలో ఈ జాగ్రత్త మరింత అవసరం. యాజమాన్యం హిందువులదైనా, క్రైస్తవులదైనా కొలమానం ఒక్కటే కావాలి.

సాయం ఉపసంహరిస్తే ప్రజలేమంటారో ఆంధ్రప్రదేశ్ చూచినది. 2021లో అక్కడి ప్రభుత్వం ఎయిడెడ్ యాజమాన్యాలను, సంస్థలను ఆస్తులతో అప్పగించండి, లేదా ఎయిడెడ్ సిబ్బందిని అప్పగించి సొంతంగా నడుపుకొనండి అన్నది. విశాఖపట్నంలో తల్లిదండ్రులు వీధికెక్కినారు. బడి మూతపడునేమో, ఫీజులు పెరుగునేమో అన్నదే వారి భయం. యాజమాన్యం ఎవరిదన్న సిద్ధాంత చర్చ వారికి పట్టలేదు. ఆ నవంబరులో ప్రభుత్వం మెత్తబడి, ఇష్టమైతే ఎయిడెడ్‌గానే కొనసాగవచ్చునన్నది.

2009 విద్యాహక్కు చట్టం ప్రజాధనానికి మరొక దారి తెరిచినది. సాయం పొందని ప్రయివేటు బడులు తొలి తరగతిలో నాలుగో వంతు సీట్లు బలహీన వర్గాల పిల్లలకు ఇవ్వాలి. ఒక్కొక్కరికి ప్రభుత్వ బడిలో అయ్యే ఖర్చు, ఆ బడి ఫీజు, వీటిలో ఏది తక్కువైతే అది ప్రభుత్వం చెల్లిస్తుంది. 2012లో సుప్రీంకోర్టు ఈ నిబంధనను సమర్థించినది, అయితే సాయం పొందని అల్పసంఖ్యాకుల బడులను మినహాయించినది. జగదల్‌పూర్ పట్టణంలోని పేద బిడ్డకు ఇది అక్కరకు వస్తుంది. ప్రయివేటు బడి దరిదాపుల లేని అబూజ్‌మాడ్ పల్లెలో ఆ నాలుగో వంతు ఎక్కడినుండి తీయాలో చట్టం చెప్పదు. అక్కడి పిల్ల చదవవలెనంటే నేటికీ ఇల్లు విడిచి ఏదో ఒక వసతి గృహంలో చేరవలసినదే.