ఎండిన చెల్కలో ఎర్తింగ్ ఎందుకు ఫెయిలయితది? మా బోరు దగ్గర జరిగింది చెప్తా

పైన వీడియోలో నేను తవ్వుతున్న గుంత కంపోస్టు కోసం కాదు. అది మా బోరు మోటారుకు ఎర్తింగ్ గుంత.

మే నెలలో ఒకరోజు పొద్దుగాల మా నాయన తడి చేతితో స్టార్టర్ డబ్బా ముట్టుకున్నడు. ఒక్క గుంజుడు గుంజి అవతల పడేసింది. కాళ్లకు రబ్బరు చెప్పులున్నయి కాబట్టి బతికిండు. లేచి కూసొని నన్ను అడిగిన మొదటి మాట: "ఎర్తింగ్ ఉన్నది కదరా, మరెందుకు కొట్టింది?" అగ్రికల్చర్ డిప్లొమాలో నేలల గురించి చదివిన నాకు జవాబు తెల్వలేదు.

తెలిసిన ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్త్ టెస్టర్‌తో కొలిపించిన. 48 ఓమ్‌లు చూపించింది. లెక్క చూడండి. ఒక ఫేజు డబ్బాకు తగిలితే 230 వోల్టులు. 48తో భాగిస్తే ఐదు ఆంపియర్లు కూడా భూమిలోకి పోవు. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరి ఎర్తింగ్ నిరోధం కలిపితే ఇంకా తక్కువ. 5 హెచ్‌పీ మోటారు మామూలుగా నడిచేటప్పుడే ఏడెనిమిది ఆంపియర్లు తీసుకుంటది. ఇగ ఫ్యూజు ఎట్ల పోతది? డబ్బా కరెంటుతోనే ఉంటది, ముట్టుకున్నోని కోసం చూస్తుంటది.

తప్పు వైరుది కాదు, నేలది. మట్టి రేణువులు కరెంటును మోయవు. వాటి మధ్యనున్న తడి, ఆ తడిలో కరిగిన లవణాలు మోస్తయి. నల్లరేగడి తడిని పట్టి ఉంచుతది కాబట్టి దాని నిరోధం కొన్ని పదుల ఓమ్-మీటర్లలోనే ఉంటది. ఎండిన ఇసుక నేలల్లో వందలు దాటుతది, గ్రానైటులో వేలల్లోకి పోతది. భువనగిరి ఖిల్లా గుట్టను చూసినోళ్లకు మన కింద ఏమున్నదో చెప్పాల్నా? మా చేన్ల రెండు మూడడుగులు ఎర్ర చెల్క, దాని కింద మొరం, ఆ కింద రాయి. మా రాడ్డు మొరం తగిలినకాడ ఆగిపోయింది. వానకాలంలో ఎట్లనో నడిచింది, మేలో తడి ఆరిపోయింది. పాత బోర్లకు ఇనుప కేసింగ్ ఉండేది, దానికే వైరు కట్టేటోళ్లు. ఇప్పుడు వేసేది పీవీసీ పైపు, దాని నుంచి భూమికి కరెంటు పోదు.

అందరూ చెప్పేది ఉప్పు, బొగ్గు. ఉప్పుతో నిరోధం తగ్గేది నిజమే. కానీ వానలకు కరిగి పోతది, జీఐ పైపును తింటది, చుట్టూ మట్టిని పాడుచేస్తది. వానపాముల కోసం జీవామృతం పోసే చేన్ల బస్తాల ఉప్పు పోయడానికి నాకు మనసు రాలే. మిషన్ కాకతీయలో చెరువు నుంచి తోలుకొచ్చిన నల్లమట్టి గట్టు మీద మిగిలి ఉండె. దానికి బొగ్గు కలిపి, నీళ్ల తొట్టి పొర్లే జాగల రెండున్నర మీటర్ల పైపు నిలబెట్టి గట్టిగా కూరిన. జేసీబీతో మొరం పగలగొట్టక తప్పలేదు. ఐదు మీటర్ల అవతల రెండో పైపు వేసి రెండిటినీ కలిపినం. పైపులు దగ్గర దగ్గర పెడితే పెద్దగా లాభముండదు. లోతు అస్సలు దొరకనోళ్లు తడి కాలువ వెంట జీఐ పట్టీని అడ్డంగా పాతిపెట్టొచ్చు.

ఇప్పుడు రీడింగ్ 9. దాని మీదనే నమ్మకం పెట్టుకోకుండా ఆర్‌సీసీబీ కూడా పెట్టించిన. రాతి నేలలో అది లేకుండా ఉండొద్దని నా అభిప్రాయం. ఆచ్ఛాదన వేస్తే ఎర్తింగ్ బాగుపడతదా అని అడుగుతరు. పై తడి నిలుస్తది గానీ, పైపు ఉండే లోతుకు దానితో ఒరిగేది తక్కువ. ఎండాకాలం వారానికోసారి గుంతలో రెండు బకెట్ల నీళ్లు పోస్తున్న. రీడింగ్ కూడా మేలోనే కొలిపించండి, వానల్లో కొలిస్తే అది మోసం చేస్తది.

పశువులను స్టార్టర్ దగ్గర కట్టెయ్యకండి. కరెంటు భూమిలోకి దిగేకాడ ముందు కాళ్లకు, వెనక కాళ్లకు మధ్య వోల్టేజీ తేడా వస్తది. వాటి కాళ్ల మధ్య దూరం మనకంటే ఎక్కువ, అందుకే మనం తట్టుకున్నకాడ ఆవు పడిపోతది.

అడవి పందుల కోసం ఝట్కా మిషన్ పెట్టుకున్నోళ్లకు కూడా ఇదే కథ. ఎండిన నేలలో పందికి షాక్ తగలదు, మిషన్ చెడిపోయిందని అనుకుంటం. దాని ఎర్తు రాడ్డు తడి ఉన్నకాడ వెయ్యండి, మోటారు ఎర్తింగ్‌కు కనీసం 10 మీటర్ల దూరంలో. కంచెకు నేరుగా లైను కరెంటు మాత్రం ఎవరు చెప్పినా ఇయ్యొద్దు, మనుషులు చచ్చిపోతరు. ఎర్తింగ్ పని మెయిన్ బంద్ చేసి ఎలక్ట్రీషియన్‌తోనే చేయించండి. కొలిచే పద్ధతి వీడియో చివర్ల ఉన్నది.