స్వెట్టరు అల్లడమయ్యాక...

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ఎండలకు స్వెట్టరెందుకని నవ్వకండి. ఢిల్లీలో చదివే కొడుక్కి, అమెరికాలో పుట్టిన మనవరాలికి చలి వేయదూ? అయితే నెలరోజుల అల్లిక చివరి రెండు గంటల తొందరలో పాడైపోవచ్చు.

అల్లిన ముక్కలు తడిపి, మెలిపెట్టి పిండకుండా తువ్వాలులో చుట్టి అదమండి. కొలతకు సరిచేసి నీడలో పరిచి ఆరనివ్వండి. తీగమీద వేస్తే సాగిపోతాయి. యాక్రిలిక్ ఊలుకు ఇస్త్రీపెట్టె తగిలించొద్దు. వేడికి సాగితే మళ్లీ బిగుసుకోదు.

అదే ఊలుతో, మొద్దుమొన సూదితో ముందు భుజాలు, తర్వాత చేతులు, ఆఖర్న పక్కలు కుట్టండి. ఊలు కొసలు ముడేసి కత్తిరించకుండా రెండంగుళాలు లోపలికి దూర్చండి. మెడ అంచు వదులుగా ముగించండి, తల దూరాలి కదా! పసిపిల్లలదైతే గుండీలు గట్టిగా లాగి చూడండి. ఊడితే నోట్లోకే పోతాయి.

చివరగా స్వెట్టరు తిరగేసి తడమండి. డిజైను చూసేవాళ్లకు, లోపలి కుట్టు తొడుక్కునే ఒంటికి.