ట్రైకోగ్రామా - ప్రయోగశాల పెంపకం
ట్రైకోగ్రామా అనునది ఇతర కీటకాల గుడ్లలో పెరిగే అతి చిన్న పరాన్నజీవి కందిరీగల ప్రజాతి. వీటి పొడవు 1 మిల్లీమీటరు కంటె తక్కువ. ఆడ కందిరీగ రెక్కల పురుగు గుడ్డులో తన గుడ్డు పెడుతుంది. లోపల పుట్టిన పిల్లపురుగు ఆ గుడ్డును తినివేయుటవలన, పంటను తినే గొంగళిపురుగు పుట్టకముందే నశిస్తుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో చెరకు పీకపురుగు, వరి కాండం తొలుచు పురుగుల నివారణకు వీటిని వాడుతారు.

పెంపకం
భారతదేశంలో వీటిని సహజ ఆతిథేయి (పొలంలో ఆశ్రయించే పురుగు) గుడ్లపై కాక, సులువుగా పెరిగే బియ్యపు రెక్కల పురుగు గుడ్లపై పెంచుతారు. ఈ గుడ్లను అతికించిన అట్టలే ట్రైకోకార్డులు. వెచ్చని వాతావరణంలో ఒక తరానికి 8 నుండి 10 రోజులు చాలును. అనగా సంవత్సరానికి 30కి పైగా తరాలు గడుస్తాయి.

దీర్ఘకాల ప్రభావాలు
గాజు గొట్టంలో గుడ్లు ఎదురుగానే ఉంటాయి కనుక ఎగరవలసిన, వెదకవలసిన అవసరం లేదు. తరాలు గడిచినకొద్దీ ఆ స్థితికి తగినవే ఎక్కువగా మిగులుతాయి. కొద్ది కీటకాలతో మొదలైన సంతతిలో జన్యు వైవిధ్యం కూడ తగ్గుతుంది. ఫలితంగా ఎగిరే శక్తి, వెదకే నేర్పు, సహజ ఆతిథేయిని స్వీకరించే గుణం క్షీణించవచ్చును.

నాణ్యత పరిరక్షణ
కార్డునుండి ఎన్ని కీటకాలు వెలువడినవన్న లెక్క మాత్రమే చాలదు. పురుగు గుడ్లను నాశనం చేసేవి ఆడవే గనుక వాటి నిష్పత్తిని, ఎగిరే సామర్థ్యాన్ని కూడ పరీక్షించాలి. అప్పుడప్పుడు సహజ ఆతిథేయి గుడ్లపై పెంచడం, పొలాలనుండి కొత్త కీటకాలను సేకరించి సంతతిని పునరుద్ధరించడం ముఖ్యమైన ఉపాయాలు. లేనిచో కార్డులు కట్టిన రైతు పురుగు తగ్గక, మరల క్రిమిసంహారక మందులనే ఆశ్రయించవలసి వస్తుంది.